గుడి గోడ కూలితే ఎవర్ని అడగాలి?

మీరు రాసిన దాంట్లో నాకు మూడు ప్రశ్నలు కనిపించాయి. విశాఖ మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇరవై ఏడేళ్ల వయసు, దేవుడి మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. "నమ్మకం ఎవరింట్లో వాళ్లు చూసుకునేది, నాస్తికులు దాన్ని రాజకీయాల్లోకి లాగి ఎందుకు గొంతు చించుకుంటారు?" అని స్నేహితులు అడిగితే మీ దగ్గర జవాబు లేకపోయింది. "దమ్ముంటే మిగతా మతాల్ని అనండి" అన్నప్పుడూ లేకపోయింది. మూడోది పెళ్లి. మీది హిందూ కుటుంబం, ఆ అమ్మాయిది క్రైస్తవ కుటుంబం, మీ ఇద్దరికీ ఏ నమ్మకమూ లేదు, కానీ రెండిళ్లలోనూ అవతలివాళ్లే మతం మారాలని పట్టు.

నేను ముప్పై నాలుగేళ్లు సివిల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. అంతకంటే ఎక్కువ కాలమే హేతువాద సంఘాలతో తిరిగాను. దేవుడున్నాడా లేడా అన్న వాదన ఒకప్పుడు నాకు భలే ఇష్టం, ఇప్పుడు ఓపిక లేదు. గోడల గురించైతే ఇప్పటికీ ఎంతసేపైనా మాట్లాడగలను. అందుకని గోడతోనే మొదలుపెడతాను.

2025 ఏప్రిల్ 30, సింహాచలం చందనోత్సవం. ఏడాదంతా చందనం పూతలో ఉండే అప్పన్న నిజరూపంతో కనిపించే ఒక్క రోజు. ముందురోజు నుంచే జనం కొండెక్కుతారు. తెల్లవారకముందే గాలివాన మొదలైంది. మూడొందల రూపాయల టికెట్టు క్యూలైను పక్కనున్న గోడ కూలి ఏడుగురు చనిపోయారు. అదేమీ రాజుల కాలం నాటి గోడ కాదు. ఉత్సవానికి కాస్త ముందు హడావుడిగా కట్టింది.

కొండవాలు మీద మట్టిని ఆపే గోడ కడితే దానికి అసలు శత్రువు నీళ్లు. పొడి మట్టి ఎంత బరువైనా లెక్కకు అందుతుంది. వాన పడి నీళ్లు గోడ వెనక నిలబడిపోతే ఆ తోపు అమాంతం పెరిగిపోతుంది. అందుకే గోడ పొడవునా చిల్లులు వదులుతాం, వీప్ హోల్స్ అంటాం. వెనక కంకర పోస్తాం, పునాది లోతుగా తీస్తాం, కాంక్రీటును నీళ్లతో తడుపుతూ గట్టిపడనిచ్చే క్యూరింగ్ రోజులు ఇస్తాం. పాలిటెక్నిక్ కుర్రాడికి తెలిసిన సంగతులివి.

ఆ వారం నేను ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట. "స్వామి సన్నిధిలో పోయారు, పుణ్యాత్ములు." పొద్దున నడకకు వచ్చే రిటైర్డు లెక్చరరు ఒకాయన "ఎక్కడో ఏదో అపచారం జరిగే ఉంటుంది" అన్నాడు. ఇదే మనిషి, ఫ్లైఓవర్ స్లాబు పడిపోయిందని పేపర్లో వస్తే మొదట అనే మాట "కాంట్రాక్టరు తినేశాడు". రెండూ సిమెంటూ ఇసకే కదా మాస్టారూ అంటే నవ్వి ఊరుకున్నాడు. ప్రభుత్వం కమిటీ వేసింది, అధికారుల్ని సస్పెండ్ చేసింది, కాంట్రాక్టరును బ్లాక్‌లిస్టులో పెట్టింది. అదంతా జరిగింది, కాదనను. కానీ ఒక రోడ్డు గురించీ ఒక ఆసుపత్రి గురించీ మన జనం చూపించే కోపం, గుడి దగ్గరికి వచ్చేసరికి చల్లబడిపోయి దణ్ణంగా మారిపోతుంది.

మీ స్నేహితుల మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. నమ్మకం ఇంట్లో పూజగదిలో ఉన్నంతకాలం నాకేం పేచీ లేదు. మా ఇంట్లోనూ పూజగది ఉంది, అందులో దీపం మా ఆవిడ పెడుతుంది, నూనె నేను తెస్తాను. దేవుడి పేరు చెప్పగానే లెక్క అడగడం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ నా పేచీ మొదలవుతుంది. రాజకీయ నాయకుడికి మతం మీద అంత మోజు ఎందుకనుకున్నారు? అక్కడ రసీదు అడిగేవాడు ఉండడు.

గోదావరి పుష్కరాలు గుర్తున్నాయా? 2015 జులై 14, రాజమహేంద్రవరం. 144 ఏళ్లకోసారి వచ్చే మహాపుష్కరమని నెలల తరబడి ఊదరగొట్టారు. తొలిరోజు, తొలి ముహూర్తం, ఒకే ఘాట్ మీదికి జనం విరుచుకుపడ్డారు. తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. విచారణ కమిషన్ వేశారు. చివరికి నివేదికలో ముహూర్తం మీద జనానికున్న గుడ్డినమ్మకాన్నీ, దాని చుట్టూ మీడియాలో సాగిన ప్రచారాన్నీ కారణాలుగా చూపించారు. గుడ్డినమ్మకం అన్న మాట ప్రభుత్వ నివేదికలో కనిపిస్తే నాలాంటివాడు సంబరపడాలి. నాకు ఒళ్లు మండింది. హోర్డింగులు పెట్టి రమ్మని పిలిచింది ఎవరు? నమ్మకాన్ని పండగకు ముందు పెట్టుబడిగా వాడుకుని, శవాలు లేచాక అదే నమ్మకం మీద నేరం తోసేశారు. పదేళ్లు గడిచినా మారిందేమీ లేదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు, అదే ఏడాది నవంబరు 1న మన పక్కనే కాశీబుగ్గలో ఓ ప్రైవేటు గుడి మెట్ల దగ్గర తొమ్మిదిమంది. అంటే సింహాచలంతో కలిపి ఒక్క ఏడాదిలో మూడు.

దీనికి తిరగేసిన కథ కూడా మన ఊళ్లోనే ఉంది. 1971 యుద్ధంలో డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్లలో పేలే బాంబుల) వల్లని మన నౌకాదళం అంటుంది, లోపలే పేలుడు జరిగిందని అవతలివాళ్లు అంటారు. ఊళ్లో మాత్రం మూడో కథ బలమైనది: నేవీ పెద్దాయన సంపత్ వినాయగర్ గుడిలో కొబ్బరికాయలు కొట్టించాడు కాబట్టి. కొత్త బండి కొన్నవాళ్లు ఇప్పటికీ అక్కడ నిమ్మకాయలు తొక్కించి బయల్దేరతారు. బండి పూజ మీద నాకు కోపం లేదు, తర్వాత హెల్మెట్ పెట్టుకుంటే చాలు. గెలిచినప్పుడు పేరు దేవుడిది, ఓడినప్పుడు తప్పు భక్తుడిది. మధ్యలో పని చేసినవాడూ, చేయనివాడూ ఇద్దరూ కనపడకుండా పోతారు.

రాజకీయాల్లో ఇదెలా పనిచేస్తుందో మన జిల్లాల ఉదాహరణే చూడండి. 2020 డిసెంబరు ఆఖర్లో విజయనగరం జిల్లా రామతీర్థంలో ఎవరో రాముడి విగ్రహం తల నరికేశారు. దుర్మార్గమే. పోలీసులు పట్టుకుని శిక్ష వేయించాల్సిన నేరం. వారం తిరక్కుండా అన్ని పార్టీల పెద్దలూ ఆ కొండకు వరస కట్టారు, కార్ల మీద చెప్పులు, రాళ్లు, అరెస్టులు, టీవీల్లో రాత్రింబవళ్లు అదే. ఆ జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా వదులుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ప్లాంటు. రెండిటికీ లంకె ఉందని నేను అనను. ఆ నెలంతా కూర్మన్నపాలెం టీకొట్టులో, స్టీల్ ప్లాంటు కార్మికుల మధ్యే, రాముడి గురించి తప్ప ఇంకో మాట వినలేదని మాత్రం చెప్పగలను.

తర్వాత లడ్డూ. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని సాక్షాత్తూ ముఖ్యమంత్రి అన్నారు. నెయ్యి కల్తీ అంటే ఏమిటి? టెండరు ఎవరికిచ్చారు, కిలో ఎంతకు కోట్ చేశారు, ఆ ధరకు అసలు నెయ్యి వస్తుందా, ట్యాంకరు రాగానే పరీక్ష ఎవరు చేశారు, ఎవరు సంతకం పెట్టారు. నాలుగు ఫైళ్లు తెరిస్తే తేలే సంగతి. మనం చూసిందేమిటి? శాంతి హోమం, పదకొండు రోజుల ప్రాయశ్చిత్త దీక్ష, అవతలి పార్టీ నుంచి పోటీగా గుళ్లలో పూజల పిలుపు. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచమని చెప్పాల్సి వచ్చింది. తర్వాత వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం నెయ్యి సరఫరాదారుల్ని అరెస్టు చేసింది, చూశారా, దారి ఎప్పుడూ అదే. ఆసుపత్రి క్యాంటీన్లో నూనె కల్తీ అయితే ఎవరూ దీక్ష పట్టరు.

భూముల సంగతి ఎక్కువ చెప్పను, చెబితే రాత్రవుతుంది. భీమిలి మండలంలో ఒక పీఠానికి ఎకరా లక్ష చొప్పున 15 ఎకరాలు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక రద్దు చేశారు. భీమిలిలో లక్షకు గజాలు కొనడానికే మీరు ఈఎంఐ లెక్కలు వేసుకుంటారు. ఆ స్వామివారి కాళ్లకు మొక్కిన నాయకుల ఫొటోలు వెతికి చూడండి, ఒక్క పార్టీవాళ్లే ఉండరు.

ఇక్కడ మీ రెండో ప్రశ్నకు వద్దాం, ఇది చిన్నదే. మిగతా మతాల్ని ఎందుకు అనరు? అంటాం. అన్నప్పుడు ఈ స్నేహితులు వినరు, లేదా అప్పుడు మాత్రమే వింటారు. స్వస్థత కూటంలో ప్రార్థన చేశాక షుగరు మందులు మానేసి కాలు తీయించుకున్న మనిషి నాకు తెలుసు. తాయెత్తు కట్టించి కామెర్ల పిల్లవాడిని వారంపాటు ఇంట్లో ఉంచుకున్నవాళ్లు తెలుసు. పాస్టర్లకూ ఇమాములకూ అర్చకులకూ ఖజానా నుంచి నెలనెలా గౌరవ వేతనం, జెరూసలేం యాత్రకు సాయం 2019లో నలభై వేల నుంచి అరవై వేలు, ఇవన్నీ తప్పే. ఒకరికిచ్చి ఇంకొకరికి మానడం తప్పని కాదు, అందరికీ ఇవ్వడం తప్పు. దళితుడు చర్చికి వెళ్తే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. అందుకే మన జిల్లాల్లో ఎందరికో సర్టిఫికెట్లో ఒక పేరు, ఆదివారం ఇంకో పేరు. పోనీ చర్చిలోనైనా కులం పోయిందా అంటే, పెళ్లిసంబంధాల దగ్గర చూడండి. పేదవాడి చేత అబద్ధం ఆడించే ఏర్పాటు ఇది. ఎన్నికల్లో మతం పేరుతో ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అక్రమం. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 4-3 మెజారిటీతో తేల్చింది. నేను మా ఇంటి మతం గురించి ఎక్కువ మాట్లాడేది, దాని లోగుట్టు నాకు తెలుసు కాబట్టి. పక్కింటి కప్పు కారుతోందని అరవబోయే ముందు మన డాబా చూసుకుంటాం కదా.

రాజకీయాల కంటే కష్టమైనది రోజువారీ బతుకు. ఇక్కడ నేను చేసిన పొరపాట్లు చాలా ఉన్నాయి. ఒకటి చెప్పాలి.

తొంభైల మొదట్లో పాడేరు దాటి ఒక ఊరికి వెళ్లాం. చిల్లంగి (చేతబడి) పెట్టిందని ఒక ముసలామెను ఊరివాళ్లు కొట్టారు, చంపేస్తారేమోనన్న భయంతో వెళ్లాం. నాలుక మీద కర్పూరం వెలిగించాను. పసుపునీళ్లలో సున్నపునీళ్లు పోసి నెత్తురు చేశాను. చప్పట్లే చప్పట్లు. అయిపోయాక ఊరి పెద్ద నా చేతులు పట్టుకుని అన్నాడు: "మీ మంత్రం మా దిసారి కంటే గట్టిది బాబూ. మీరే ఉండిపోండి." దిసారి అంటే అక్కడి మంత్రవైద్యుడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు కిటుకులన్నీ విప్పి చెప్పాం, పిల్లల చేత చేయించాం. వాళ్లు నవ్వారు, అర్థమైంది. అప్పుడు ఆ ముసలామె కోడలే అడిగింది. "ఇదంతా సరే, రాత్రి పిల్లకి జొరమొస్తే మీరుంటారా? దిసారి ఉంటాడు."

ఆసుపత్రికి అడవి దారిలో నాలుగు గంటలు నడవాలి, లేదా డోలీ కట్టాలి. ఆ ప్రశ్నకు నా దగ్గర కర్పూరం లేదు. డాక్టరు లేని చోట దిసారి ఉంటాడు, కోర్టు తేల్చని చోట ప్రమాణం ఉంటుంది, పింఛను రాని చోట మొక్కు ఉంటుంది. జనం మూఢులని తిట్టడం సులువు. నేను పదిహేనేళ్లు అదే చేశాను. అది కూడా ప్రభుత్వాన్ని లెక్క అడగకుండా తప్పించుకోవడమే. ఆ తర్వాత మేం వెళ్లినప్పుడల్లా గారడీ సామాను సంచీతోపాటు ఆరోగ్య కేంద్రం కోసం అర్జీ కాగితాలూ తీసుకెళ్లేవాళ్లం. 2013 ఆగస్టు 20న పుణెలో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపినప్పుడు మా వాళ్లంతా ఏడ్చారు. ఆయన ఏళ్ల తరబడి అడిగిన మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం ఆయన పోయిన కొద్దిరోజులకే ఆర్డినెన్సుగా వచ్చింది. అలాంటిది మనకూ కావాలి. కానీ చట్టం ఒక్కటే వచ్చి డాక్టరు రాకపోతే ఆ కోడలు మళ్లీ అదే అడుగుతుంది.

నగరంలో పరిస్థితి వేరు. ఇక్కడ డాక్టరు ఉన్నాడు, ముహూర్తం చూసి సిజేరియన్ చేస్తాడు. ఇంజినీరు ఉన్నాడు, వాస్తు ప్రకారం మెట్లు ఈ మూల నుంచి ఆ మూలకు జరిపి ఫైర్ ఎగ్జిట్ మూసేస్తాడు. అలాంటి ప్లాను ఒకటి నా బల్ల మీదికి వచ్చింది, నేను సంతకం పెట్టలేదు. పై ఆయన పెట్టాడు. చదువుకున్నవాళ్ల దగ్గర ఆ కోడలికున్న సాకు కూడా లేదు.

మీ అపార్ట్‌మెంట్ వినాయకచవితి గురించి ఒక మాట రాశారు కదా, చందా ఇవ్వాలా మానాలా అని. మా బ్లాకులో నేను చేసింది చెబుతాను. మొదటి నాలుగేళ్లు ఇవ్వనని మొండికేశాను. ఫలితం: లిఫ్టులో ఎవరూ పలకరించేవారు కాదు, మైకు శబ్దం తగ్గలేదు. ఐదో ఏడు చందా ఇచ్చి, రసీదు అడిగి, పండగయ్యాక లెక్కలు నోటీసుబోర్డు మీద పెట్టమన్నాను. పందిరి కరెంటు ఉమ్మడి మీటరు నుంచి లాగుతున్నారని అప్పుడు బయటపడింది, నీళ్ల మోటారు బిల్లులో కలిసిపోతోంది. తర్వాతి ఏడు విడిగా టెంపరరీ కనెక్షన్ తీసుకున్నారు. మైకు సంగతికి వస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు కుదరదు, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప. మైకులో ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని అదే ఏడాది సుప్రీంకోర్టు ఒక చర్చి కేసులో అంది. ఆ కాగితం తెలుగులో రాసి అంటించాను. అందరికంటే సంతోషించింది మూడో అంతస్తులో రోజూ విష్ణుసహస్రనామం చదివే పెద్దావిడ. ఆవిడకు బీపీ.

ఇప్పుడు పెళ్లి. దీనికి మీరిద్దరూ మతం మారక్కర్లేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది ఇందుకే. మీలో ఒకరు కనీసం 30 రోజులుగా ఈ జిల్లాలో ఉంటూ ఉండాలి. మ్యారేజ్ ఆఫీసరుగా ఉన్న రిజిస్ట్రారుకు నోటీసు ఇస్తే దాన్ని ఆఫీసు బోర్డు మీద పెడతారు. 30 రోజులు ఆగాలి, తర్వాత ముగ్గురు సాక్షులతో పెళ్లి. అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు, అయితే చెల్లేవి కొన్నే: వయసు, అంతకుముందే పెళ్లయి ఉండటం, మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం. మతం వేరన్నది అభ్యంతరం కాదు. ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు: హిందువు వేరే మతస్తురాలిని ఈ చట్టం కింద చేసుకుంటే ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క, మీ తర్వాత మీ ఆస్తికి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. మీ వారసత్వ హక్కు దీనివల్ల పోదు, కానీ మీ నాన్నగారికి ఈ సంగతి మీ నోటి నుంచే తెలియాలి, ప్లీడరు నోటి నుంచి కాదు. నోటీసు బోర్డెక్కాక ఎవరో ఒకరు ఫొటో తీసి మీ వాళ్లకు పంపుతారు. అంతకుముందే చెప్పేయండి.

మీ అమ్మగారికి మంత్రం లేని పెళ్లి పెళ్లే కాదనిపిస్తోందంటే, ఒక పాత సంగతి చెప్పండి. మన గోరాగారు, విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించినాయన, కూతురికి దళిత యువకుడితో పెళ్లి తలపెట్టి గాంధీగారికి చెప్పారు. గాంధీగారు తన ఆశ్రమంలోనే చేయిస్తానన్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగాక, 1948లో, సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి అలాగే జరిగింది. రామనామం విడవని మనిషి ఒక నాస్తికుడి కోసం మాట మార్చుకోగలిగాడు, మీ అమ్మగారు మీ కోసం మార్చుకోలేరా? అలాగే పెళ్లయ్యాక అన్నవరం తీసుకెళ్లమని ఆవిడ అడిగితే తీసుకెళ్లండి, వాళ్లింట్లో క్రిస్మస్ కేకు పెడితే తినండి. మీ పేర్లు, పుట్టబోయే పిల్లల రికార్డుల్లో మతం గడి, ఇవి మాత్రం వదలొద్దు. మతం లేదు, కులం లేదు అని జనన నమోదులో రాసుకునే వీలు కల్పించాలని తెలంగాణ హైకోర్టు 2023లోనే చెప్పింది.

సాక్షులు ముగ్గురు కావాలన్నాను కదా. రెండిళ్ల నుంచి ఒక్కొక్కరైనా వస్తారనే నా ఆశ. మూడో సంతకానికి మనిషి దొరక్కపోతే నాకు చెప్పండి, వస్తాను. మార్గశిర మాసంలో గురువారాలు మాత్రం పెట్టుకోకండి. ఆ రోజుల్లో తెల్లవారకుండానే మా ఆవిడని స్కూటరు మీద బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్లి, క్యూ అయ్యేదాకా బయట కూచోవాలి.